సుందర్‌రాజు తెప్పించిన మంచు

ఆ శుక్రవారం పొద్దున సుందర్‌రాజు పెట్టుకున్న పని ఒక్కటే. టీ తాగి, వంటమాస్టరు దగ్గరికి వెళ్లి, కూతురి పెళ్లి విందులో మటన్ బిర్యానీయా, చికెన్ బిర్యానీయా అన్నది తేల్చుకుని, అటునుంచి అటే చర్చిలో ప్రార్థనకు వెళ్లిపోవాలి. బహ్రెయిన్‌లోని ఉమ్మ్ అల్ హస్సామ్‌లో టైలరు కొట్టు పైనున్న ఆ రెండు గదుల ఇంట్లో అప్పటిదాకా అంతా సవ్యంగానే ఉంది. టీ కూడా బాగానే కుదిరింది.

అప్పుడు దీవెన నైట్ డ్యూటీ నుంచి వచ్చింది.

దీవెన నర్సు. సుందర్‌రాజు వంశంలో సూది చూసి ఏడవకుండా నిలబడ్డ మొదటి మనిషి. అందుకే కూతురంటే ఆయనకు ప్రేమతో పాటు కొంత విస్మయం కూడా. ఆ పిల్ల నోటి నుంచి వచ్చే మాటల్లో సగం ఆయనకు అర్థం కావు. కానీ అర్థం కాలేదని ఇంతవరకూ ఒప్పుకున్న పాపాన పోలేదు. బిల్డింగ్ సామాన్ల కంపెనీలో స్టోర్ ఇన్‌ఛార్జి ఆయన. మేకు దగ్గర్నుంచి క్రేను కొక్కెం దాకా ఎవరేది అడిగినా తెప్పించి ఇచ్చే మనిషి, కన్నకూతురి ముందు "నాకు తెలీదమ్మా" అని ఎలా అంటాడు?

దీవెన చెప్పులు విడిచి, సంచీ సోఫాలో పడేసి, తనూ అందులోనే కూలబడింది. కళ్లు మూతలు పడిపోతున్నాయి.

"నాన్నా, నేనూ ఎడ్వర్డూ మాట్లాడుకున్నాం. పెళ్లికి థీమ్ వింటర్ సోల్‌స్టిస్."

"ఆహా!" అన్నాడు సుందర్‌రాజు.

"హాల్లో వద్దు. సముద్రం పక్కన తోటలో. తెల్లారగట్ల. కొవ్వొత్తులు, తెల్ల బట్టలు, మంచు... పొద్దు పొడిచే వేళకి ప్రమాణాలు. బావుంటుంది కదా?"

"అదిరిపోద్ది."

"ఏర్పాట్లు నువ్వు చూసుకుంటావుగా?"

"నేనుండగా నీకెందుకమ్మా ఆ బెంగ!" అని ఆయన అనే లోపే దీవెన నిద్రపోయింది.

సుందర్‌రాజు పిల్లిలా నడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లాడు. భార్య సుందరి కొబ్బరి పచ్చడికి మిక్సీ సర్దుతోంది.

"ఏమే, సోల్‌స్టిస్ అంటే ఏంటి?"

"సోలో పాటల్లాంటిదేమోనండి. అయినా ఎవరన్నారు?"

"నీ కూతురు. పెళ్లి అందులో చేయాలంట."

"లేపి అడగండి."

"రాత్రంతా డ్యూటీ చేసొచ్చిన పిల్లని లేపమంటావా?" అన్నాడు ఆయన కోపంగా. అసలు కారణం అది కాదని ఇద్దరికీ తెలుసు. ఫోనులో తన వచ్చీరాని స్పెల్లింగుతో కొట్టి చూశాడు. అది 'సోల్' అన్న ముక్క పట్టుకుని బోలెడన్ని చెప్పుల అడుగులు చూపించింది. ఇక లాభం లేదని సంఘ కాపరి పేరయ్యగారికి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి గట్టు మీద ఉంచాడు. పేరయ్యగారు అడిగిన దానికి క్లుప్తంగా జవాబు చెప్పే రకం కాదు. అయినా చదువుకున్న మనిషి.

"వందనాలండి అయ్యగారూ. వింటర్ సోల్‌స్టిస్ అంటే ఏమిటండి?"

"వందనాలండి సుందర్‌రాజుగారూ. మంచి ప్రశ్న వేశారు! అంటే ఏమీ లేదండి, చలికాలంలో వచ్చే పొద్దు తిరుగుడు..."

సరిగ్గా అప్పుడే సుందరి చెయ్యి మిక్సీ మీద పడింది. ఇల్లంతా గర్ర్‌ర్ మని మారుమోగింది. "ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద రాత్రి గడిచి, పొద్దు మళ్లీ ఇటు తిరగడం" అన్న మిగతా సగం అందులో నలిగిపోయింది. పేరయ్యగారు మాత్రం భూమి వంపు గురించి కొబ్బరి పచ్చడికి వివరిస్తూనే ఉన్నారు.

"పొద్దుతిరుగుడు!" సుందరి మొహం వెలిగిపోయింది. "పువ్వులండీ! మనూళ్లో చేల నిండా వేస్తారు కదా, పసుపు పచ్చగా ఇంతలేసి. అవి పెట్టమంటోంది పిల్ల."

సుందర్‌రాజు గుండె మీద నుంచి సిమెంటు బస్తా దించినట్టయింది. ఇంత తేలికైన దానికి అంత బరువైన పేరా! అయ్యగారికి కృతజ్ఞతలు చెప్పి ఫోన్ పెట్టేసి, ఆ సాయంత్రమే మనామాలో పూల కొట్టుకు వెళ్లి, ఎన్ని దొరికితే అన్ని పొద్దుతిరుగుడు పూలకు ఆర్డరు పెట్టేశాడు. సముద్రం పక్కన సిత్రా దారిలో ఒక తోట కూడా మాట్లాడాడు. ఖర్జూరపు చెట్లు, పచ్చిక, ఓ మూల షెడ్డు. ఇక మిగిలింది మంచు.

ఈ ఏర్పాట్లన్నిటి వెనక ఆయనకు ఒక భయం ఉంది. ఆ భయం పేరు సుబ్బాయమ్మ. ఎడ్వర్డ్ తల్లి. నరసాపురం నుంచి పెళ్లికి ముందు రోజు వచ్చి దిగుతుంది. కొడుకు తనంతట తాను పిల్లను చూసుకోవడం ఆమెకు మొదట్నుంచీ ఇష్టం లేదు. తెల్లవారుజామున, చర్చిలో కాకుండా తోటలో పెళ్లి అని తెలిశాక ఆ అయిష్టం ఇంకాస్త ముదిరింది. ఫోనులో ఒకే మాట చెప్పింది.

"నేనొచ్చి చూస్తానండీ అన్నయ్యగారూ. నా మనసుకి పట్టకపోతే మాత్రం పదిమందిలో ఉన్నామని ఊరుకోను."

ఆ మాట విన్న రోజు దీవెన అన్నం సగంలోనే వదిలి లేచింది. సుందర్‌రాజు అది చూశాడు. ఆకాశాన్ని కిందికి దించైనా సరే, సుబ్బాయమ్మగారి చేత ఔననిపించాలని ఆ పూటే గట్టిగా అనుకున్నాడు.

మంచు కోసం ఆయనకు తోచిన మనిషి లింబాద్రి. జగిత్యాల వైపు నుంచి వచ్చి, లారీ నడుపుతూ నువైద్రాత్ కూలీల క్యాంపులో ఉంటున్నాడు. సుందర్‌రాజు స్టోరుకు చాలాకాలంగా సామాను తోలుతున్నాడు. చేపల మార్కెట్టుకు ఐసు తోలే డ్రైవర్లంతా అతనికి దోస్తులే. మర్నాడు స్టోరు యార్డులోంచి సుందర్‌రాజు అతనికి ఫోన్ చేశాడు. ఇటు ఫోర్క్‌లిఫ్టు మోత, అటు లారీ ఇంజను మోత.

"లింబాద్రీ! అమ్మాయి పెళ్లికి మంచు కావాలయ్యా!"

"ఏందీ? మంచాలా?"

"ఆ, మంచు! తోటంతా కావాలి!"

లింబాద్రి ఒక్క క్షణం ఆలోచించాడు. పెళ్లి తెల్లారకముందే అని అంతకుముందే విన్నాడు. ఆ వేళప్పుడు బస్సులుండవు. వచ్చినోళ్లు ముందురోజే వచ్చి పడుకోవాలి కదా. ఎంత ముందుచూపు ఈ మనిషికి అనుకున్నాడు.

"దొరుకుతయన్నా. మా దగ్గర పాత క్యాంపు ఖాళీ జేస్తున్రు. సింగిలా, డబులా?"

మంచులో సింగిలు, డబులు ఉంటాయని సుందర్‌రాజుకు తెలియదు. ఒక పొర, రెండు పొరలు కాబోలు. తెలియదని ఇక్కడా అనలేదు.

"డబులే వేసెయ్! ఒక్కగానొక్క పిల్ల!"

"మరి పరుపులు?"

"పరుపులు కాదయ్యా, పరుచుకోవాలి! మొత్తం పరిచెయ్. చూస్తే తెల్లగా మెరిసిపోవాలి!"

"తెల్లటియే ఏస్త. ఖలాస్ అన్నా, నువ్వు రందివెట్టుకోకు."

ఫోన్ పెట్టేసి సుందర్‌రాజు దేవుణ్ని తలుచుకున్నాడు. ఎడారి దేశంలో, ఎలా అని గానీ ఎందుకని గానీ అడగకుండా తోటెడు మంచు తెస్తానన్నాడు. ఎలాంటి మనుషుల్ని ఇచ్చాడు దేవుడు!

ఆ తర్వాత దీవెనకు డ్యూటీల మీద డ్యూటీలు పడ్డాయి. తండ్రీ కూతుళ్లు తలుపు దగ్గర ఎదురుపడి పలకరించుకోవడమే.

"పనులు ఎంతదాకా వచ్చాయి నాన్నా?"

"పువ్వులకి చెప్పేశాను. మంచుకి కూడా చెప్పేశాను."

"మంచుకి కూడా చెప్పేశావా!" దీవెన పగలబడి నవ్వింది. ఎందుకు నవ్విందో ఆయనకు తెలియలేదు. అయినా తనూ నవ్వాడు. పెళ్లికూతురు నవ్వుతోంది, అంతకన్నా ఏం కావాలి?

పెళ్లి ముందురోజు సాయంత్రం, పొద్దు వాలుతుండగా, సుందర్‌రాజు సుందరిని వెంటబెట్టుకుని తోట గేటు తీశాడు. తీసినవాడు తీసినట్టే నిలబడిపోయాడు.

తోటంతా మంచాలు. ఇనుప మంచాలు. ఒకదాని మీద ఒకటి, క్యాంపుల్లో ఉండే డబుల్ మంచాలు. ఖర్జూరపు చెట్ల మధ్య బారులు తీరి, తెల్లటి దుప్పట్లు కప్పుకుని, ఆసుపత్రి సముద్రపొడ్డుకు షికారు వచ్చినట్టున్నాయి. పూల కొట్టు వాళ్లు వచ్చి, పూలు ఎక్కడ పెట్టాలో తెలియక, ప్రతి మంచం కోడుకూ ఒక్కో పొద్దుతిరుగుడు పువ్వు కట్టి వెళ్లిపోయారు. నడుమ లింబాద్రి చేతులు కట్టుకుని, పెళ్లికొడుకు మేనమామంత దర్జాగా నిలబడ్డాడు.

"ఎట్లున్నదన్నా?"

"ఏంటయ్యా ఇది?" అన్నాడు సుందర్‌రాజు గేటు పట్టుకుని.

"మంచాలు. డబులే. తెల్ల దుప్పట్లు సుత ఉతికిపిచ్చిన."

"నేను మంచు అన్నాను లింబాద్రీ! మంచు! ఆకాశంలోంచి పడుతుందే, అది!"

లింబాద్రి నోరు తెరిచాడు. ఆకాశం వైపు చూశాడు. మళ్లీ మంచాల వైపు చూశాడు. "అయ్యో! గదెట్ల ఏస్తరన్నా డబులు?" అన్నాడు నిజంగా అర్థం కాక.

సుందరి దగ్గర్లో ఉన్న మంచం మీద కూలబడింది. పై మంచం తలకు తగిలింది. ఏడవాలో తల రుద్దుకోవాలో తెలియక రెండూ చేసింది.

"ఇవన్నీ ఎత్తించెయ్ ఇప్పుడే," అన్నాడు సుందర్‌రాజు.

"లారీ వొయిందన్నా. రేపు మాపటికి గాని రాదు. ఇంగొకటి..." లింబాద్రి మెడ గోక్కున్నాడు. "మా క్యాంపోళ్లకు సుత చెప్పిన. పండుకోను మంచాలున్నయ్, పొద్దుగాల లగ్గం జూసి రావొచ్చని."

అతని మాట పూర్తి కాకముందే గేటు దగ్గర బస్సు ఆగింది. తెల్లారితే శుక్రవారం సెలవు కావడంతో అందులోంచి నువైద్రాత్ క్యాంపు మొత్తం దిగినట్టే దిగింది. అంతా కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్లు. ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని, తలకు నూనె రాసుకుని, తుండు గుడ్డలు భుజాన వేసుకుని ఉన్నారు. పెళ్లి చూసి ఏళ్లయిన మొహాలు. "శనార్తులు అన్నా," అంటూ ఒక్కొక్కరే సుందర్‌రాజు చేయి పట్టుకుని పలకరించి, చెప్పులు విడిచి, తోటలోకి గుళ్లోకి వచ్చినంత భక్తిగా అడుగుపెట్టారు. వాళ్లను పొమ్మనడానికి ఆయనకు నోరు రాలేదు. సుందరి కళ్లు తుడుచుకుని వంటమాస్టరుకు ఫోన్ చేసి, పొద్దున ఉప్మాకు అతిపెద్ద గిన్నె ఏదుంటే అది తెమ్మంది.

ఆ బస్సు వెనకే ముహర్రక్ విమానాశ్రయం నుంచి కారు వచ్చింది. ఎడ్వర్డ్ దిగి తల్లికి తలుపు తీశాడు. తల్లి తోట చూస్తానంటే నేరుగా ఇక్కడికే తీసుకొచ్చాడు. సుబ్బాయమ్మ కర్ర ఊతంతో గేటు దాకా వచ్చి ఆగింది. విమానం ఆలస్యమై, గంటల తరబడి కుర్చీలో ముడుచుకుని వచ్చిన మనిషి. మోకాళ్లు రెండూ వాచి ఉన్నాయి. ఆమె మంచాల్ని చూసింది, పువ్వుల్ని చూసింది, వాటి మధ్య వినయంగా నిలబడిన జనాన్ని చూసింది. సుందరి ప్రార్థన మొదలుపెట్టింది.

సుబ్బాయమ్మ మెల్లగా నడిచివచ్చి ఒక కింది మంచం మీద కూర్చుంది. తర్వాత కాళ్లు చాపుకుంది. తర్వాత పూర్తిగా పడుకుంది. కళ్లు మూసుకునే చెప్పింది.

"అన్నయ్యగారూ, నలుగురు పిల్లల పెళ్లిళ్లు చేశానండీ. ఎంతెంతో గొప్పవాళ్ల పెళ్లిళ్లకి వెళ్లాను. ప్లాస్టిక్ కుర్చీ మీద నడుం విరగ్గొట్టుకోవడమే గానీ, ఈ ముసలిదాని మోకాళ్ల గురించి ఆలోచించిన పెళ్లివారు ఈ భూమ్మీద మీరొక్కరేనండీ."

సుందర్‌రాజు వినయంగా తలవంచాడు. "మీరు వస్తున్నారని తెలుసు కదండీ," అన్నాడు.

"ఇంతమంది బంధువులున్నారా మీకు ఈ దేశంలో?"

ఆయన ఆ కుర్రాళ్లను, నడివయసు వాళ్లను చూశాడు. ఒకరు అప్పుడే ఆమె కర్ర కిందపడకుండా మంచానికి ఆనించి పెడుతున్నారు. ఇంకొకరు మంచినీళ్లు తెస్తున్నారు.

"ఉన్నారండీ చెల్లెమ్మగారూ," అన్నాడు. ఆ మాట అన్నాక అది అబద్ధం కాదనిపించింది.

వియ్యపురాలి గండం గడిచింది. మరి కూతురికేం చెప్పాలి? మంచు అడిగిన పిల్లకు మంచాలు చూపించాలి. ఆ ఆలోచనతోనే సుందర్‌రాజు ఒక పై మంచం ఎక్కి పడుకున్నాడు. అలసటకు ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు.

లింబాద్రి కేక విని మెలకువ వచ్చింది.

"అన్నా! లే అన్నా! అచ్చింది!"

సుందర్‌రాజు కళ్లు తెరిచాడు. ఏమీ కనిపించలేదు. గుడ్డివాణ్నయిపోయానా అని చెయ్యి మొహం ముందు పెట్టుకుంటే అది కనిపించింది. మోచేతి అవతల లోకమే లేదు. ఖర్జూరపు చెట్లు లేవు, గోడ లేదు, సముద్రం లేదు. అంతా తెలుపు. ఎక్కడో పాలు పొంగి నిశ్శబ్దంగా ఒలికినట్టు, సముద్రం మీద నుంచి మంచు వచ్చి తోటను మింగేసింది. తెల్ల దుప్పట్లు మంచులో కలిసిపోయాయి. మంచాలు మాయమైపోయాయి. గాలిలో తేలుతున్నవి పొద్దుతిరుగుడు పువ్వులు మాత్రమే. కొవ్వొత్తులు వెలిగిస్తుంటే ఒక్కో పువ్వూ ఒక్కోసారి మెరిసి ఆగిపోతోంది.

క్యాంపు వాళ్లంతా మంచాల మీద లేచి కూర్చుని, అరచేతులు చాచి మంచును ముట్టుకుంటున్నారు. ఎండలో గోడలు కట్టే చేతులవి. లచ్చన్న అనే పెద్దాయన తడిసిన అరచేతిని చెంపకు ఆనించుకుని, "దుబాయిల గిది సుత ఉంటదా!" అన్నాడు. గల్ఫ్‌లో ఏ దేశమైనా వాళ్లకు దుబాయే. బహ్రెయిన్‌కు వచ్చిన ఇన్నేళ్లకు ఆ దేశం ఆయనకు మొదటిసారి చల్లగా తగిలింది.

సుబ్బాయమ్మ కర్ర మరిచిపోయి నిలబడింది. "ఏంటండీ ఇది అన్నయ్యగారూ," అంది గుసగుసగా. "పొద్దింకా పొడవనేలేదు, ఇన్ని పొద్దులు ఎక్కణ్ణించి తెచ్చారండీ?"

సుందర్‌రాజు పై మంచం మీద మోకరిల్లి, దేవుడికి ఏ మాటలతో కృతజ్ఞత చెప్పాలో వెతుక్కుంటున్నాడు. కింద లింబాద్రి మాత్రం వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. "తప్పంత నాదే. అన్న మంచు అన్నడు, నేను మంచాలనుకున్న. ఆయన నా మీద ఆశ పెట్టుకోకుంట వేరే చోటికెల్లి తెప్పిచ్చిండు!" ఆ మాట మంచం మంచానికీ పెద్దదై, గేటు చేరేసరికి సుందర్‌రాజుగారు ఓడలో తెప్పించారన్నంత వరకూ వెళ్లింది.

అంతలో ఒక చిక్కు వచ్చింది. పెళ్లి చేయాల్సిన పేరయ్యగారు లేరు. కాసేపటికి గోడ అవతల ఎక్కడో ఆయన గొంతు వినిపించింది.

"స్తోత్రం! సుందర్‌రాజుగారూ! ఇక్కడ మేకలున్నాయి, మీరున్నారా?"

"పక్క తోటండీ అయ్యగారూ! ఇటు రండి!"

"ఎటండీ? నా కాళ్లే నాకు కనిపించడం లేదు!"

తోవ చూపించే దారి లేదు. అప్పుడు సుబ్బాయమ్మ గొంతు సవరించుకుని ఒక కీర్తన ఎత్తుకుంది. వయసు మీద పడ్డా గొంతు మాత్రం గంటలా ఉంది. సంఘం వాళ్లు అందుకున్నారు. కీర్తన రాని క్యాంపు వాళ్లు పల్లవి పట్టుకుని చప్పట్లతో తాళం వేశారు. ఆ పాట వెంట పేరయ్యగారు బైబిలు ఒక చేత్తో, గోడ ఒక చేత్తో పట్టుకుని నడిచివచ్చారు. ఆయన వెనక రెండు మేకలు కూడా వచ్చాయి. వాటిని వెళ్లగొట్టాలని ఎవరికీ తోచలేదు.

అదే పాట వెంట తెల్ల చీరలో దీవెన వచ్చింది. ముందు ముసుగు, తర్వాత పూలగుత్తి, తర్వాత మొహం. మంచు ఆ పిల్లను కొంచెం కొంచెంగా ఇచ్చింది. సుందర్‌రాజు మంచం దిగి చేయి అందించాడు. రోజూ పచ్చడి అన్నం తినే తన పిల్లేనా అని తేరిపార చూశాడు. ఎడ్వర్డ్ దగ్గరికి నడిపిస్తుంటే ఆయన కాళ్లు నేలకు ఆనుతున్నట్టు లేవు. నిజానికి నేల కనిపించడం లేదు కూడా.

"అలాగే" అని ఎడ్వర్డ్, "అలాగే" అని దీవెన అంటున్నప్పుడు, తూర్పున మంచు కాస్త పలచబడి, కందిపప్పు రంగులో గుండ్రంగా పొద్దు కనిపించింది. కళ్లు చికిలించకుండా నేరుగా చూడగలిగేంత మెత్తటి పొద్దు. అందరి తలలూ అటు తిరిగాయి. పేరయ్యగారు ఆశీర్వాదం మధ్యలో ఆగిపోయి, "అదిగోనండీ పొద్దు తిరుగుడు, ఆవేళ మీకు చెప్పింది ఇదే," అన్నారు. సుందరికి అప్పుడు అర్థమైంది. ఆమె భర్త వైపు చూసి, కొంగుతో నోరు మూసుకుంది.

ఉప్మా తినేటప్పుడు సుందర్‌రాజు కూతురి పక్కన కూర్చుని, ఇక దాచుకోలేక అంతా చెప్పేశాడు. మిక్సీ, పువ్వులు, ఫోర్క్‌లిఫ్టు, మంచాలు. "నువ్వడిగిన మంచు నేను తేలేదమ్మా. దేవుడు పంపించాడు."

దీవెన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

"నిన్నెవరు తెమ్మన్నారు నాన్నా? మంచు ఉంటే బావుంటుందన్నాను గానీ తెమ్మన్నానా? పోయినేడు ఇదే రోజుల్లో ఇలాగే మంచు కమ్మేసి, మార్నింగ్ డ్యూటీ వాళ్లెవరూ రాలేకపోయారు. నేనూ ఎడ్వర్డూ వార్డు కిటికీ దగ్గర నిలబడి అప్పుడే మొదటిసారి మాట్లాడుకున్నాం. ఈసారీ వస్తే బావుణ్ణని ఆశపడ్డాం, అంతే." ఆ పిల్ల తోటంతా ఒకసారి చూసింది. "మంచాలు మాత్రం మేము అనుకోలేదు. అత్తయ్యగారు ఇక్కణ్ణించి కదలనంటున్నారు."

సుందర్‌రాజు కూడా నవ్వేశాడు. అర్థం కాని సంగతి ఒకటి కూతురి ముందు ఒప్పుకున్నాక ఇంత హాయిగా ఉంటుందని ఆయనకు ఇన్నాళ్లూ తెలియదు. ఇక మీదట ఎవరి ముందైనా అంతే, తెలియనిది తెలియదనే చెప్పాలని అక్కడికక్కడే తీర్మానించుకున్నాడు.

అప్పుడే సంఘంలో పెద్దమనిషి దేవేందర్ పళ్లెం పట్టుకుని దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించాడు. "అన్నా, లింబాద్రి అంత చెప్పిండు. మా పిల్ల పెండ్లి జూన్ల వెట్టుకున్నం. మాకు సుత గిట్లనే మంచు తెప్పిస్తవా?"

సుందర్‌రాజు ఉప్మా ముద్ద మింగి, ఒక్క క్షణం ఆలోచించాడు.

"జూన్‌లో ఆ సరుకు దొరకదండీ," అన్నాడు.